ఖాళీ చేసినా పోని పీక్

వాయువుల్ని ఎక్స్‌రేలతో పరీక్షించే యంత్రం కట్టాలని మీలో ఎవరికైనా బుద్ధి పుడితే, ముందు నా దగ్గరికి రండి. కూర్చోబెట్టి, టీ పోసి, ఆ బుద్ధి పోయేదాకా నాలుగు మాటలు అంటాను. నేను కట్టాను కాబట్టి ఆ హక్కు నాకుంది. నిజామాబాద్ నుంచి డిచ్‌పల్లి పోయే దారిలో ఒక కాలేజీ, అందులో ఫిజిక్స్ విభాగం, ఆ విభాగంలో ఎవరికీ అక్కర్లేని చివరి గది. మధ్యాహ్నం దాకా కాంట్రాక్టు లెక్చరర్‌గా పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఆ గదిలోకి పోయి తలుపేసుకునేదాన్ని. నా జుట్టు తెల్లబడింది అక్కడే. వయసు వల్ల అంటే ఒప్పుకోను.

యంత్రం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఎక్స్‌రేలు ఏ పదార్థం మీద పడినా, అందులో ఉన్న ప్రతి మూలకమూ తనకంటూ ఉన్న ఒక రకం ఎక్స్‌రేలను తిరిగి బయటికి వదులుతుంది. ఒక స్ఫటికం పెట్టి వాటిని విడదీసి, ఏ కోణంలో ఎన్ని వచ్చాయో లెక్కపెడితే, కంప్యూటర్ తెర మీద ఒక గీత నడుస్తుంది. మూలకం ఉన్న చోట ఆ గీత నిట్టనిలువుగా లేచి మళ్ళీ పడిపోతుంది. దాన్ని పీక్ అంటాం. ఇనుపముక్కో మట్టిబెడ్డో పెట్టి చేస్తే ఇదంతా పిల్లలాట. వాయువు పెట్టి చేస్తేనే చుక్కలు కనబడతాయి.

ఎందుకంటే వాయువు పలచన. దాని నుంచి వచ్చేదే పిసరంత. ఆ పిసరంతనూ దారిలో ఉన్న మామూలు గాలి మింగేస్తుంది. అందుకని దారి పొడుగునా గాలి పీల్చేసి శూన్యం చేయాలి. కానీ మనం చూడాల్సిన వాయువు మాత్రం ఒక డబ్బాలో నిండుగా ఉండాలి. ఆ డబ్బాకూ శూన్యానికీ మధ్య ఒక కిటికీ, కిటికీకి ఉల్లిపొర కన్నా సన్నని ప్లాస్టిక్ పొర. పొర మందంగా పెడితే ఎక్స్‌రేలు దాటవు. సన్నగా పెడితే టప్పుమని పగులుతుంది. పగిలిందా, లోపలి వాయువు అంతా పంపులోకి పోతుంది, పంపు పాడవుతుంది, పంపు బాగుచేసేవాడు హైదరాబాద్ నుంచి వచ్చేదాకా నేను గోడకేసి చూస్తూ కూర్చోవాలి. ఆ టప్పు శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. పెళ్ళిళ్ళలో బుడగలు పగిలినా ఉలిక్కిపడతాను.

సరే, ఏదో ఒక మంచి వాయువు ఎంచుకోవచ్చు కదా అంటారు. నేను ఎంచుకున్నది గంధకం కాలిస్తే వచ్చే వాయువు. మాది ఎడపల్లి. మా బాపు చాలా సీజన్లు చక్కెర ఫ్యాక్టరీలో గంధకం కాల్చే పొయ్యి దగ్గర పనిచేశాడు. చెరుకు రసాన్ని తెల్లబరచడానికి ఆ పొగను రసంలోకి వదులుతారు. ఆయన ఇంటికి వస్తే చొక్కా నుంచి వెయ్యి అగ్గిపుల్లలు ఒకేసారి గీసిన వాసన వచ్చేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన వరి వేసుకుంటున్నాడు గానీ, ఆ వాసన నా ముక్కులోంచి పోలేదు. ఆ పొగలో గంధకం పరమాణువు ఎట్లా ఉంటుందో నా యంత్రంలో చూడాలని నా పట్టుదల. బాపుకు ఆ మాట చెప్పినప్పుడు, "జిందగీ అంత ముక్కుతోని సూసిన బిడ్డా, ఇంక నువ్వేం సూస్తవు?" అన్నాడు.

నా పీహెచ్‌డీ గడువు అప్పటికే ఒకసారి దాటిపోయింది, ఒకసారి పొడిగించారు, ఇదే ఆఖరని చెప్పి ఇంకోసారి పొడిగించారు. ఆ డిసెంబరు దాటేలోపు గంధకం పీక్ చూపించి సెమినార్ గట్టెక్కాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. పట్టా లేకపోతే పర్మినెంట్ పోస్టుకు దరఖాస్తు పెట్టే అర్హత కూడా ఉండదు. అంటే ఇన్నేళ్ళు నేను ఆ గదిలో తలుపేసుకుని చేసిందంతా బూడిదలో పోసినట్టే.

ఇక మా గైడ్ సారు. ఆయన గురించి కోపం రాకుండా చెప్పడం నాకు చేతకాదు. మనిషి మంచివాడే. ఈ జిల్లాలో స్ఫటికాల గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఆ డిసెంబరుకే ఆయన రిటైర్మెంటు కూడా. కానీ ఆయనకు ఒక జబ్బు ఉంది. రోజూ గదిలోకి రాగానే, "బిడ్డా, నాకొక ఆలోచన వచ్చింది" అనేవారు. ఆ మాట వినబడితే చాలు, నాకు ఒళ్ళు మండేది. నిన్న బిగించిన మరలన్నీ ఇవాళ విప్పాలన్న మాట.

"సార్, మొన్నటి డిజైన్ బాగానే ఉంది కదా. అట్లనే ఉండనియ్యండి."

"మంచిగనే ఉన్నది. కాని ఇంకింత మంచిగ అయితది. సూడు, స్ఫటికాన్ని జెర ఇటు వంచితే..."

"మళ్ళా వంచుడా! సార్, నాకు డిసెంబర్ వంచుతది నడుము."

ఆయన నవ్వేవారు. నవ్వి, పెళ్ళిపత్రిక వెనకాల బొమ్మ గీసేవారు. ఆయనకు వచ్చిన ప్రతి పెళ్ళిపత్రికా మా యంత్రం బొమ్మతోనే ముగిసింది.

బొమ్మ గీస్తే సరిపోదు, దాన్ని ఇనుములో చేయించాలి. బోధన్ రోడ్డులో ఒక లేత్ షాపు ఉంది. చెరుకు రసం బండ్లకు రోలర్లు, పసుపు పాలిష్ చేసే డ్రమ్ములకు ఇరుసులు చేస్తారు. వాయువు నింపే డబ్బాను అక్కడే చేయించాం. కిటికీ దగ్గర అంచు చాలా సన్నగా ఉండాలని, లేకపోతే ఏటవాలుగా వచ్చే ఎక్స్‌రేలు అంచుకు తగిలి ఆగిపోతాయని, షాపు అన్నకు కొలతలు రాసిచ్చి, బొమ్మ చూపించి, చేతులు తిప్పి మరీ చెప్పాను. తలూపాడు. తీరా చూస్తే డబ్బా అంచు నా బొటనవేలంత మందంగా ఉంది.

"అన్నా, గిదేంది? నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది?"

"అక్కా, నువ్వు చెప్పినంత సన్నగ చేస్తే రెండు దినాలల్ల వంగుతది. నేను మందంగ చేసిన. జిందగీ మొత్తం ఉంటది."

"నాకు జిందగీ వద్దన్నా. కొలత గావాలె!"

ఆయన నావైపు జాలిగా చూశాడు. మంచి సరుకు ఇస్తే వద్దనే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు. ఆ డబ్బాను మళ్ళీ చెక్కించడానికి నేను ఆ షాపు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో చెప్పను. అక్కడి చెరుకు రసం బండివాడు నన్ను చూడగానే గ్లాసు కడగడం మొదలుపెట్టేవాడు.

ఇక అసలు గొడవ దసరాది. మా వైపు దసరా నాడు ఆయుధపూజ లేని షాపు ఉండదు. ట్రాక్టరుకు, తూకం కాంటాకు, కుట్టుమిషన్‌కు, చివరికి జిరాక్స్ మిషన్‌కు కూడా బొట్టు పడాల్సిందే. మా విభాగంలోనూ పూజ చేస్తారు. నేను కాదనను. మా ఇంట్లో బాపు ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో పార మీద పెట్టిన బొట్టు చూస్తూ పెరిగాను. కానీ శూన్యం చేసే యంత్రానికి వేలిముద్ర పడినా దోషమే. చర్మం మీది జిడ్డు లోపల మెల్లగా ఆవిరి అవుతూ ఉంటుంది, పంపు ఎంత పీల్చినా శూన్యం రాదు. అంతకుముందు ఏడాది దసరా మర్నాడు గదిలోకి పోతే, పంపు మీద బొట్టు, పైపు మీద బొట్టు, ఎక్స్‌రే గొట్టం ఉన్న పెట్టె మీద బొట్టు. నాకు తిక్క రేగింది. స్పిరిటూ దూదీ తెచ్చి సారు ఎదురుగానే తుడుస్తూ పాఠం చెప్పాను, ఆయన మొదటి ఏడాది విద్యార్థి అయినట్టు.

"పైన పెడితే ఏమయితది బిడ్డా? పైపైన గదా."

"సార్, ఇయ్యాల పైన పెడతరు, రేపు ఇంకెక్కడనో పెడతరు. యంత్రానికి దండం పెట్టుకోండి, చెయ్యి పెట్టకండి."

ఆయన మొహం చిన్నబోయింది. ఈ ఏడాది దసరా మర్నాడు నేను స్పిరిట్ సీసాతో సహా సిద్ధమై పోయాను. యంత్రం మీద ఒక్క బొట్టు కూడా లేదు. శుభ్రంగా, తళతళలాడుతూ ఉంది. ఇన్నాళ్ళకు నా మాట చెవికెక్కిందని పొంగిపోయాను. పిచ్చిదాన్ని.

అంతవరకూ మేం యంత్రాన్ని ఆర్గాన్ అనే వాయువుతోనే సరిచూసుకున్నాం. అది పనిచేసింది. దసరా అయ్యాక మొట్టమొదటిసారి గంధకం వాయువు నింపాం. కిటికీ పొర పగలకుండా ఊపిరి బిగబట్టి, కొద్దికొద్దిగా వదిలాను. పంపు నడుస్తోంది. ఎక్స్‌రేలు వేశాం. తెర మీద గీత కింద కిందనే పాకుతూ వచ్చింది. గంధకం ఉండాల్సిన కోణం దగ్గరికి రాగానే లేచింది చూడండి! నిటారుగా, బలంగా, ఎవరూ కాదనలేనట్టు.

నేను అరిచాను. సారు కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సాయంత్రానికి విభాగం అంతా లడ్డూలు పంచారు. హైదరాబాద్ నుంచి సెమినార్‌కు రావాల్సిన నిపుణుడికి ఆ పీక్‌తో సహా సారాంశం ఆ రోజే పంపేశారు. నేను బాపుకు ఫోన్ చేశాను. బాపు ఎడపల్లి హోటల్లో కూర్చున్నవాళ్ళందరికీ టీ చెప్పాడట. "నా బిడ్డ నా పొగను పట్టుకున్నది" అన్నాడట. నేను ఆ వారం అంతా నేల మీద నడవలేదు.

వాయువు తీసేసి ఖాళీ డబ్బాతో ఇంకోసారి చూడాలి. అది పద్ధతి. ఖాళీ డబ్బాలో పీక్ ఉండకూడదు. నేను అడుగుతూనే ఉన్నాను. సారు ఆపుతూనే ఉన్నారు.

"ఇప్పుడు ఖాళీ చేస్తే పొర ఎనుకకు గుంజుకుని పగులుతది బిడ్డా. ఇంక కొన్ని సార్లు కొలిచినంక చేద్దాం. ఆగు జెర."

ఆయన భయంలో న్యాయం ఉంది. ఆగాను. సెమినార్ దగ్గరపడ్డాక ఇక ఆగలేక, ఆయన క్లాసులో ఉన్నప్పుడు వాయువు మెల్లగా లాగేశాను. పొర పగల్లేదు. దేవుడా, ఈ ఒక్కటీ కలిసొచ్చింది అనుకుని ఎక్స్‌రేలు వేశాను. గీత పాకుతూ వచ్చింది. గంధకం కోణం దగ్గర లేచింది. అదే పీక్, అదే ఎత్తు.

డబ్బాలో వాయువు లేదు. ఏమీ లేదు. అయినా గంధకం ఉంది!

మళ్ళీ వేశాను. మళ్ళీ లేచింది. ఎక్స్‌రేలూ పంపూ ఆపేసి, పెట్టె తెరిచి, డబ్బా మరలు విప్పి, లోపల టార్చి వేసి చూశాను. కిటికీకి సరిగ్గా ఎదురుగా, స్ఫటికం చూపు నేరుగా పడే గోడ మీద, గుండ్రంగా, ముద్దుగా, ఎర్రటి బొట్టు.

క్లాసు అయ్యి సారు గదిలోకి వచ్చేసరికి నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాను. డబ్బా ఆయన వైపు తిప్పాను. టార్చి వేశాను.

"పైన పెడితే నువ్వు తుడుస్తవని," అన్నారు సారు మెల్లగా, "లోపల పెట్టిన."

"లోపల!"

"నీ కండ్లకు కనబడకుంట. ఎవ్వల కండ్లకు కనబడకుంట. ఇంత పెద్ద పని జేస్తున్నం, దసరా నాడు బొట్టు లేకుంటె ఎట్ల అని..."

"సార్, కనబడేది నా కండ్లకు కాదు, స్ఫటికానికి! దానికి ఎదురుంగనే పెట్టిండ్రు గదా సార్! దానికి ఇంకేం కనబడ్తది?"

"కుంకుమల గంధకం ఏడుంటది బిడ్డా? పసుపు, సున్నమే గదా."

అందుకే అడిగాను. ఏ కుంకుమ అని. ఆయన జేబులోంచి చిన్న కొయ్య భరిణె తీశారు. వాళ్ళమ్మదట. పాతకాలపు ఎర్ర సింధూరం. ఇంగిలీకం నూరి చేసేవారు అది. ఇంగిలీకం అంటే పాదరసమూ గంధకమూ. ఫిజిక్స్ ప్రొఫెసర్‌కు నేను చెప్పాల్సిన పని లేదు. నేను ఆ భరిణె వైపు చూడగానే ఆయనకే అర్థమై, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. ఆ తర్వాత ఆ సింధూరాన్నే ఒక పలక మీద రాసి యంత్రంలో పెట్టి చూశాం. పీక్ మమ్మల్ని వెక్కిరించినట్టు లేచింది.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇది నిజామాబాద్. పసుపు బస్తాల మీద పడుకునే ఊరు. ఈ ఊళ్ళో పసుపుతో చేసిన కుంకుమకు కరువొచ్చిందా? మామూలు కుంకుమ ఏ అంగట్లో కొని పెట్టినా నేను జిడ్డు గురించి తిట్టి వదిలేసేదాన్ని, గంధకం జాడ ఉండేది కాదు. జిల్లా మొత్తంలో గంధకం ఉన్న బొట్టు ఒక్కటే ఉంటే, అది మా డబ్బాలోకే రావాలా!

ఆ రోజు నేను సారును ఏమన్నానో అంతా రాయను. చాలా అన్నాను. ఆయన మొత్తం విన్నారు. చివర్లో ఒక్కటే అడిగారు.

"సెమినార్ వాయిదా ఏద్దామా?"

"వాయిదా వేస్తే డిసెంబర్ దాటుతది సార్. దాటితే ఖతం. మీకు తెల్వదా?"

"తెలుసు." ఎటో చూస్తూ అన్నారు. "పంపిన పీక్ గంధకానిదే గదా బిడ్డా. అబద్దం అయితే కాదు గదా."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన నా మొహంలోకి చూడలేకపోయారు. "నేను ఆ మాట అనలేదనుకో," అన్నారు వెంటనే. "తుడువు. డబ్బా తుడువు. మల్ల మొదలు పెడదాం."

తుడిచాను. రసాయనాలతో కడిగాను, వేడి చేశాను, కొత్త పొర వేశాను. ఖాళీ డబ్బాతో చూస్తే గీత నేలబారుగా ఉంది. పోయింది దరిద్రం. ఇక అసలు వాయువు నింపి చూశాం. గీత అప్పుడూ నేలబారుగానే ఉంది. ఎంతసేపు కొలిచినా ఏమీ లేదు. అంటే మా యంత్రం గంధకం వాయువును ఇంతవరకు చూడనేలేదన్నమాట. బొట్టును చూసి లడ్డూలు పంచాం. బాపు హోటల్లో టీలు పోయించింది కూడా ఆ బొట్టుకే.

వాయువు ఒత్తిడి పెంచితే పీక్ కనబడవచ్చు. పెంచితే పొర పగులుతుంది. నాలుగు రకాలుగా ఆలోచించి నా బుర్ర మొద్దుబారింది. ఒక రోజు సారు గదిలోకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. నాకు తెలిసిపోయింది.

"చెప్పండి సార్. ఏం ఆలోచన వచ్చింది?"

"తిట్టవు గద?"

"తిడత. చెప్పండి."

పెళ్ళిపత్రిక తీశారు. పొర వెనకాల సన్నటి ఇనుప జల్లెడ ఒకటి బిగిస్తే, పొరకు ఆనుకోవడానికి ఆసరా ఉంటుంది, ఎక్కువ ఒత్తిడి ఆపుతుంది, ఎక్స్‌రేలు జల్లెడ రంధ్రాల్లోంచి దాటిపోతాయి. నేను తిట్టలేదు. తిట్టడానికి ఏమీ దొరకలేదు. పత్రిక లాక్కుని బోధన్ రోడ్డుకు పోయాను. లేత్ అన్న ఆ బొమ్మ చూసి, "అక్కా, గీ రంధ్రాలు జెర పెద్దగ చేస్తే..." అని మొదలుపెట్టగానే నేను చూసిన చూపుకు మాట మింగేసి, చెప్పిన కొలతకే చేశాడు.

సెమినార్ రోజు పొద్దున్నే అసలు పీక్ వచ్చింది. జల్లెడ బిగించిన కిటికీ, నిండుగా వాయువు. గీత పాకి పాకి, గంధకం కోణం దగ్గర కొంచెం తలెత్తింది. చిన్నది. వంకరగా ఉంది. మొదటి పీక్ పక్కన పెడితే దీన్ని ఎవరూ తిరిగి చూడరు.

"ఖాళీ చెయ్యి," అన్నారు సారు.

వాయువు లాగేశాను. పొర నిలిచింది. మళ్ళీ ఎక్స్‌రేలు. ఇద్దరం తెర ముందు వంగి నిలబడ్డాం. గీత ఆ కోణం దగ్గరికి వచ్చింది, తలెత్తకుండా దాటి పోయింది.

"పోయిందా?" అన్నారు సారు.

"పోయింది సార్."

"బరాబర్ పోయిందా? మల్ల సూడు."

మళ్ళీ చూశాం. మళ్ళీ పోయింది. నేను సారు చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఊపేశాను. ఆయన ఊపించుకున్నారు. చీర మార్చుకోవడానికి కూడా టైం లేదు, అట్లాగే హాలుకు పరిగెత్తాను.

హాలు నిండిపోయింది. విద్యార్థులు, మిగతా విభాగాల లెక్చరర్లు, ముందు వరసలో హైదరాబాద్ నిపుణుడు, ఆయన పక్కన ఇస్త్రీ చొక్కాలో మా సారు. అంతా చెప్పాను. కొత్త పీక్ చూపించాను. నిపుణుడు తన దగ్గరున్న సారాంశం కాగితం తెర పక్కకు ఎత్తి పట్టుకున్నాడు.

"మీరు ముందు పంపిన దాంట్లో పీక్ ఇంత ఎత్తుంది. ఇప్పుడు చూపిస్తున్నది దాంట్లో ఆవగింజంత. ఏది నమ్మమంటారు?"

"ఇప్పటిదే సార్. మొదటిసారి డబ్బాలో మలినం ఉండింది."

"ఏం మలినం?"

"గంధకం ఉన్న పదార్థం సార్."

"అది తెలుస్తూనే ఉందమ్మా. ఏ పదార్థం, ఎట్లా వచ్చింది? అది చెప్పలేకపోతే, రెండోసారి కూడా అదే కొంచెం మిగిలిపోలేదని నేనెట్లా అనుకోవాలి?"

ఆయన అడిగింది నూటికి నూరుపాళ్ళు న్యాయం. ఆ ఒక్క ప్రశ్న మీదే నా పట్టా ఆగి ఉంది. నేను సారు వైపు చూశాను. ఆ నెలాఖరుకు ఆయన రిటైర్ అవుతున్నారు. ఈ హాల్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. గదిలో తలుపేసుకుని ఆయన్ను అన్నేసి మాటలన్న నా నోరు, మైకు ముందు పెగల్లేదు. "పరిశీలించాలి సార్," అన్నాను. నిపుణుడు పెన్ను మూత తీసి ఏదో రాయబోయాడు.

సారు లేచారు.

"బొట్టు," అన్నారు. "సింధూరం బొట్టు. దసరా నాడు డబ్బా లోపట నేనే పెట్టిన."

హాల్లో నవ్వు మొదలైంది. వెనక వరసల నుంచి ముందుకు వచ్చింది. ఎవరో, "దేవుడు సిగ్నల్ ఇచ్చిండు సార్!" అన్నారు. ఇంకా నవ్వారు. సారు కూర్చోలేదు. నవ్వు తగ్గేదాకా నిలబడి, మొదటి ఏడాది పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. ఏ గోడ మీద పెట్టారో, ఏ వేలితో పెట్టారో, సింధూరంలో ఏముందో, దాన్ని విడిగా కొలిస్తే ఎంత వచ్చిందో, కడిగాక ఖాళీ డబ్బాలో గీత ఎట్లా నేలబారుగా ఉండిందో, వాయువు నింపితే ఎంత వచ్చిందో, తీసేస్తే ఎట్లా పోయిందో. ఒక్క ముక్క వదల్లేదు. ఆయన్ను నాలా తిట్టినవాళ్ళు ఆ హాల్లో ఇంకెవరూ లేరు. అయినా ఆ నవ్వు భరించలేక మైకు దగ్గరికి లాక్కున్నాను.

"నవ్వుడు అయిపోతే," అన్నాను మైకులో, "తర్వాతి ప్రశ్న అడగండి."

నిపుణుడు నవ్వలేదు. ఇంకో ప్రశ్న కూడా అడగలేదు. సెమినార్ పాసైనట్టు సంతకం పెట్టి వెళ్ళాడు.

సెమినార్ అయ్యాక సారు టీ దగ్గర లేరు. చివరి గదిలో యంత్రం ముందు కూర్చుని ఉన్నారు. నేను పోగానే మొదలుపెట్టాను.

"ఎందుకు లేచిండ్రు సార్? నేను ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేదాన్ని. అందరి ముందు..."

"ఏం చెప్పేదానివి? గన్ని దినాలు నన్ను గంత తిట్టినవు. ఆడ నిలబడి ఒక్క మాట చెప్పనీకి నోరు రాలే నీకు."

"మీ మర్యాద కోసం సార్!"

"నా మర్యాద ఏం జేస్కుంట బిడ్డా? నీ పీక్ పోతుండె."

ఆయన ముక్కు చీదుకుని, మళ్ళీ గొంతు సవరించుకున్నారు. "థీసిస్‌ల గూడ రాయి. ఉన్నదున్నట్టు."

రాశాను. "డబ్బా లోపలి గోడపై చేరిన బయటి పదార్థం వల్ల" అని రాసి చూపించాను. ఆయన 'బయటి పదార్థం' కొట్టేసి 'సింధూరం' అని రాశారు. 'చేరిన' కొట్టేసి 'గైడ్ పెట్టిన' అని రాశారు. ఇది బాగోదు, చదివినవాళ్ళు నవ్వుతారు, ఎక్కడా ఇట్లా రాయరు అని నేను మొత్తుకున్నాను. నేను మార్చి తెచ్చిన ప్రతిసారీ ఆయన మళ్ళీ కొట్టేశారు. సర్వీసులో ఆయన ఆఖరి రోజు కూడా మేం దాని మీదే పోట్లాడుకున్నాం. చివరికి ఆయన చెప్పినట్టే టైపు చేసి, ఆ పేజీ ముందు పెట్టాను. ఆయన వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుని, ఆ వాక్యం కిందనే సంతకం చేశారు.